పండుగ, ప్రయాణం, పచ్చడి మెతుకులు: ఆంగ్ల సంభాషణకు ఇంటి ముచ్చట్లే తొలి పాఠాలు

పదేళ్లకు పైగా పాఠశాలలో, కళాశాలలో ఆంగ్లం చదివి, వ్యాకరణంలో మంచి మార్కులు తెచ్చుకున్నవారు సైతం నలుగురి ఎదుట నాలుగు వాక్యాలు మాట్లాడవలసి వస్తే తడబడడం దేశమంతటా కనిపించే దృశ్యమే. ఉద్యోగ ముఖాముఖిలో, విదేశీ విశ్వవిద్యాలయ ప్రవేశంలో, పొరుగు రాష్ట్రంలో కొలువులో చేరిన తొలి దినాన ఈ తడబాటు ఖరీదైనదిగా పరిణమిస్తుంది. చదువు ఉండి, పని వచ్చి, కేవలం నోరు పెగలక అవకాశం చేజారినవారు ప్రతి ఊరిలోనూ కనిపిస్తారు.

ఈ తడబాటుకు కారణం మాటలు తెలియకపోవడం ఒక్కటే కాదు. ఏమి మాట్లాడాలో తెలియకపోవడం అంతకంటె పెద్ద కారణం. తరగతి గదిలో అభ్యాసానికి ఇచ్చే అంశాలు తరచుగా విద్యార్థి జీవితానికి దూరంగా ఉంటాయి. మంచు కురిసే ఉదయాన్ని గురించి, ఎన్నడూ చూడని సముద్రతీర విహారాన్ని గురించి మాట్లాడమంటే విషయాన్నీ, భాషనూ ఒకేసారి వెతుక్కోవలసి వస్తుంది. అదే ఇంట్లో వండే కూర గురించో, నిరుడు చేసిన ప్రయాణం గురించో, సంక్రాంతి గురించో చెప్పమంటే విషయం ముందే సిద్ధంగా ఉంటుంది. వెతకవలసింది మాటలను మాత్రమే. తిండి, ప్రయాణం, పండుగ అనే మూడు అంశాలు ఆంగ్ల సంభాషణ అభ్యాసానికి ఇంతగా అక్కరకు రావడానికి మూలం ఇక్కడే ఉంది.

ఎవరితో మాట్లాడవలసి వస్తుంది?

2011 జనగణన ప్రకారం దేశంలో ఆంగ్లాన్ని మాతృభాషగా నమోదు చేసుకున్నవారు సుమారు 2.6 లక్షల మంది మాత్రమే. రెండవ భాషగా పేర్కొన్నవారు 8 కోట్లకు పైగా, మూడవ భాషగా పేర్కొన్నవారు 4 కోట్లకు పైగా ఉన్నారు. తెలుగును మాతృభాషగా చెప్పుకున్నవారి సంఖ్య 8.11 కోట్లు. ఈ అంకెలను బట్టి చూస్తే, ఒక తెలుగు యువకుడు స్వదేశంలో ఆంగ్లంలో సంభాషించేది ఆంగ్లేయునితో కాదు. తనవలెనే ఆ భాషను నేర్చుకున్న పంజాబీతోనో, మలయాళీతోనో, అస్సామీతోనో. అటువంటి ఇద్దరి మధ్య పరిచయం సహజంగా మీ ఊరేది, మీరేమి తింటారు, మీ పండుగలేమిటి అన్న ప్రశ్నలతోనే మొదలవుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2015 అక్టోబరు 31న ప్రకటించిన ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ కార్యక్రమం ఈ పరిచయానికి ఒక వేదిక కల్పించింది. ఇందులో రాష్ట్రాలను జంటలుగా కూర్చారు. ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్, తెలంగాణకు హర్యానా జోడీలుగా వచ్చాయి. పరస్పరం భాష, వంట, కళలు తెలుసుకోవడం దీని ఉద్దేశం. హిందీ అంతగా రాని తెలుగు విద్యార్థి, తెలుగు అసలే రాని పంజాబీ విద్యార్థి ఎదురుపడినప్పుడు వారధిగా నిలిచేది చాలాసార్లు ఆంగ్లమే.

దక్షిణాదిలో జరిగిన ఒక ప్రయోగం

ఈ పద్ధతికి బోధనశాస్త్రంలో గట్టి పునాది ఉంది. ఆ పునాదిలో ముఖ్యమైన భాగం దక్షిణ భారతంలోనే పడింది. భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు నాయకత్వంలో 1979 నుంచి 1984 వరకు బెంగళూరు, మద్రాసు తదితర ప్రాంతాల పాఠశాలల్లో ఒక ప్రయోగం సాగింది. బెంగళూరు ప్రాజెక్టుగా అది ప్రపంచవ్యాప్తంగా పేరొందింది. వ్యాకరణ సూత్రాలను ముందుగా వల్లె వేయించడానికి బదులు, పిల్లలకు పరిష్కరించవలసిన పనులు ఇచ్చారు. రైళ్ల వేళల పట్టిక చూసి ప్రశ్నలకు జవాబులు చెప్పడం అటువంటి పనులలో ఒకటి. మనసు అర్థం మీద లగ్నమైనప్పుడే భాషారూపం బాగా ఒంటబడుతుందన్నది ఆ ప్రయోగం వెనుక ఉన్న భావన.

ఒకరికి తెలిసి మరొకరికి తెలియని సమాచారం ఉన్నప్పుడే నిజమైన సంభాషణ పుడుతుంది. దీనినే సమాచార వ్యత్యాసం అంటారు. పుస్తకంలోని ప్రశ్నకు పుస్తకంలోని జవాబు చెప్పేటప్పుడు ఈ వ్యత్యాసం ఉండదు. అడిగేవారికీ జవాబు ముందే తెలుసు. గోంగూర పచ్చడి ఎలా నూరుతారో ఎరుగని పంజాబీ స్నేహితునికి చెప్పేటప్పుడు మాత్రం అవతలివాడు నిజంగానే వింటాడు, అర్థం కానిచోట ఆపి అడుగుతాడు. చెప్పేవాడు మరో విధంగా చెప్పి చూస్తాడు. కెనడాలో ఫ్రెంచి నేర్చుకునే విద్యార్థులను పరిశీలించిన మెరిల్ స్వెయిన్ 1985లో ప్రతిపాదించినది కూడా ఇదే: వినడం, చదవడం చాలవు; ఎదుటివారికి అర్థమయ్యేట్లు చెప్పవలసిన అగత్యం కలిగినప్పుడే తన భాషలోని లోటు అభ్యాసకునికి తెలిసివస్తుంది.

వంటింటి మాటలు

ఆహారాన్ని గురించి చెప్పడం చూడడానికి తేలిక. చెప్పబోతే తెలుస్తుంది కష్టం. ఉగాది పచ్చడినే తీసుకుంటే తీపి, పులుపు, ఉప్పు, చేదు అనే నాలుగు రుచులకు ఆంగ్ల పదాలు పాఠశాల పిల్లలకూ తెలుసు. కారాన్ని ‘హాట్’ అంటే వేడి అని కూడా అర్థం వస్తుంది కనుక ‘స్పైసీ’ అని విడదీసి చెప్పవలసి ఉంటుంది. లేత మామిడి పిందెలోని వగరుకు మాత్రం డిగ్రీ చదివినవారు సైతం తడుముకుంటారు. ‘ఆస్ట్రింజెంట్’ అన్న మాట ఉన్నది కాని వాడుక తక్కువ. నాలుకను పట్టినట్లు, నోరు ఆరిపోయినట్లు అనిపించే రుచి అని వివరించడమే అక్కడ మేలైన మార్గం. పదం తెలియనప్పుడు వివరణతో దాటడం సంభాషణలో అన్నింటికంటె ఉపయోగపడే నేర్పు.

తాలింపు మరొక ఉదాహరణ. భారతీయ ఆంగ్లంలో దీనిని ‘టెంపరింగ్’ అంటారు. విదేశీయునికి ఆ మాట వింటే ఉక్కుకు పదును పెట్టడమో, చాక్లెట్‌ను కరిగించి గట్టిపరచడమో స్ఫురించవచ్చు. కాగిన నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు వేసి, చిటపటలాడగానే పప్పులో కలపడం అని చెబితే సందేహం ఉండదు. అరిసెల పాకం విషయంలో మాత్రం ఆంగ్లం ఆశ్చర్యపరుస్తుంది. పాకాన్ని చన్నీటిలో వేసి చూసి, మెత్తటి ఉండ కట్టే దశను తెలుగు ఇళ్లలో ఉండ పాకం అంటారు. మిఠాయిలు చేసే ఆంగ్లేయులు అదే పరీక్ష చేసి, అదే దశను ‘సాఫ్ట్ బాల్’ అంటారు.

దేశాన్ని బట్టి పేర్లు మారడం కూడా తెలుసుకోవలసిన సంగతి. వంకాయ మనకు ‘బ్రింజాల్’, బ్రిటన్‌లో ‘ఆబర్జీన్’, అమెరికాలో ‘ఎగ్‌ప్లాంట్’. కొత్తిమీర బ్రిటన్‌లో ‘కోరియాండర్’, అమెరికాలో ‘సిలాంట్రో’. మనం ‘కర్డ్’ అనే పెరుగు విదేశాల్లో ‘యోగర్ట్’. ఇవి తప్పొప్పుల సంగతి కాదు, ఎవరితో మాట్లాడుతున్నామన్న ఎరుకకు సంబంధించినవి. ఆంగ్లం కూడా ఈ నేల నుంచి మాటలు తీసుకుంటూనే ఉంది. ‘బాండికూట్’ అన్న ఆంగ్ల పదానికి మూలం తెలుగు పందికొక్కు. 2017లో ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువులో చేరిన సుమారు 70 భారతీయ పదాలలో ‘అన్న’, ‘వడ’ ఉన్నాయి.

ప్రయాణం నేర్పే భూతకాలం

ప్రయాణ కథనం భూతకాల క్రియలకు సహజమైన కసరత్తు. ఎప్పుడు బయలుదేరారు, ఏమి చూశారు, ఎక్కడ ఆగారు అని వరుసగా చెప్పవలసి రావడంతో క్రియారూపాలు పదేపదే నాలుక మీదికి వస్తాయి. తెలుగువారు సాధారణంగా చేసే రెండు పొరపాట్లు ఇక్కడే బయటపడతాయి. మొదటిది వ్యతిరేక వాక్యం. ‘వెళ్లలేదు’ అనడానికి ‘డిడ్ నాట్ వెంట్’ అనడం వాడుకలో వినిపిస్తుంది. ‘డిడ్’ అన్నచోటే భూతకాలం వచ్చేసింది కనుక తరువాత ‘గో’ అనాలి. రెండవది విభక్తి. తెలుగులో బస్సులో, రైల్లో, కారులో అని అన్నింటికీ ‘లో’ సరిపోతుంది. ఆంగ్లంలో బస్సుకు, రైలుకు ‘ఆన్’, కారుకు ‘ఇన్’. విశాఖపట్నం నుంచి అరకుకు వెళ్లే రైలు మార్గంలోని సొరంగాలను, బొర్రా గుహలను, ఘాటు దిగివచ్చిన బస్సు ప్రయాణాన్ని వర్ణించిన విద్యార్థికి ఈ తేడా సూత్రం చదివిన దానికంటె గట్టిగా గుర్తుంటుంది.

ఐరోపా మండలి 2001లో ప్రచురించిన భాషా సామర్థ్య ప్రమాణాలలో ఆరు అంచెలు ఉన్నాయి. మూడవ అంచె అయిన బి1కు చేరినట్లు గుర్తించడానికి ఆ భాష మాట్లాడే ప్రాంతంలో ప్రయాణించేటప్పుడు ఎదురయ్యే చాలా సందర్భాలను నెగ్గుకురాగలగడం, తన అనుభవాలను వర్ణించగలగడం కొలబద్దలుగా పెట్టారు.

ఒకే సూర్యుడు, ఎన్నో పండుగలు

పండుగలు వర్తమాన కాలాన్ని నేర్పుతాయి. ఏటేటా జరిగే పనిని చెప్పడానికి ఆంగ్లంలో సామాన్య వర్తమానం వాడాలి. ‘ఎవ్రీ ఇయర్ వీ ఆర్ సెలబ్రేటింగ్’ అనడం తెలుగు ‘చేసుకుంటున్నాం’ ప్రభావం కావచ్చు. ‘వీ సెలబ్రేట్’ అంటే చాలు. తెలుగులో మనం, మేము అని ఉన్న విభజన ఆంగ్లంలో లేదు. రెండింటికీ ‘వీ’ ఒక్కటే. వినేవారిని కలుపుకొని చెబుతున్నామో, వారిని మినహాయించి చెబుతున్నామో అదనపు మాటలతో స్పష్టపరచవలసి ఉంటుంది.

సంక్రాంతి ఈ అభ్యాసానికి దాదాపు ఉపఖండమంతటికీ పొందే ఉమ్మడి అంశం. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే ఆ రోజులను తమిళనాడులో, శ్రీలంక తమిళులలో పొంగల్‌గా, గుజరాత్‌లో ఉత్తరాయణంగా, అస్సాంలో మాఘ్ బిహుగా, నేపాల్‌లో మాఘే సంక్రాంతిగా జరుపుకుంటారు. తెలుగువారి భోగిమంటకూ, పంజాబీల లోహ్రీ మంటకూ ఉన్న పోలిక ప్రత్యేకంగా ప్రస్తావించదగినది. ఒకరు పాత కట్టెలు, పిడకలు వేస్తారు. మరొకరు నువ్వులు, వేరుశనగలు, పేలాలు అర్పిస్తారు. రెండూ సంక్రాంతి ముందు రోజునే. ఇక్కడ పిల్లల తల మీద రేగుపండ్లు పోస్తారని తెలుగు విద్యార్థి చెబితే, అక్కడ పిల్లలు ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడతారని పంజాబీ విద్యార్థి చెప్పవచ్చు. పోలికలు, భేదాలు చెప్పడానికి కావలసిన వాక్య నిర్మాణాలు ఆ మాటల్లోనే అలవడతాయి.

కొత్త అల్లుడు, వదిన, మేనమామ, బావ వంటి బంధుత్వాలు చెప్పేటప్పుడు ఆంగ్లం బీదదిగా తోస్తుంది. మేనమామ, పెదనాన్న, బాబాయి అందరూ ‘అంకుల్’ అవుతారు. అమ్మ తమ్ముడు, నాన్న అన్న అని విడమరచి చెప్పడమే దారి.

పరీక్షలో ఇవే ప్రశ్నలు

విదేశీ విద్యకు, వలసకు ఎక్కువమంది రాసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో సంభాషణ విభాగం 11 నుంచి 14 నిమిషాలు సాగుతుంది. మొదటి భాగంలో ఇల్లు, కుటుంబం, చదువు, అభిరుచులు వంటి పరిచిత విషయాలు అడుగుతారు. రెండవ భాగంలో ఒక కార్డు ఇచ్చి, నిమిషం పాటు ఆలోచించుకోనిచ్చి, రెండు నిమిషాల వరకు మాట్లాడమంటారు. మూడవ భాగంలో అదే అంశం మీద లోతైన చర్చ ఉంటుంది. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ అనే నాలుగింటిని చూసి మార్కులు వేస్తారు. చూసిన ఊరు, జరుపుకున్న పండుగ, ఇష్టమైన వంటకం వంటివి అభ్యాసానికి తరచుగా తీసుకునే అంశాలు. బట్టీపట్టిన జవాబులను పరీక్షకులు పసిగడతారు. పుస్తకంలో చదివిన పండుగ కంటె స్వయంగా ముగ్గు పెట్టిన పండుగను చెప్పడమే మేలు.

జాగ్రత్తలు

ఈ పద్ధతికి పరిమితులు ఉన్నాయి. భారతీయ సమాజంలో తిండి కేవలం రుచి సంగతి కాదు. ఏమి తింటారన్న ప్రశ్న కొన్నిసార్లు కులాన్ని, మతాన్ని, పేదరికాన్ని ఆరా తీసినట్లు ధ్వనిస్తుంది. ఎండుచేప కూర తినే పిల్లవాడు తరగతిలో నవ్వుల పాలైతే, వాడు ఆంగ్లమే కాదు, ఏ భాషలోనూ నోరు విప్పడు. ఒక్క మతపు పండుగలనే అంశంగా ఇస్తే మిగిలినవారు శ్రోతలుగా మిగిలిపోతారు. దీపావళితో పాటు రంజాన్ హలీం, క్రిస్మస్ కేకు, బోనాల ఊరేగింపు, మేడారం జాతర అన్నీ సమాన గౌరవంతో చర్చకు రావాలి. ఏ అంశం మీద మాట్లాడాలో ఎంచుకునే హక్కు విద్యార్థికే విడిచిపెట్టడం ఉత్తమం.

మరొక చిక్కు ఏమిటంటే, ఇష్టమైన నాలుగు వాక్యాల దగ్గరే ఆగిపోవడం. పులిహోర రుచిగా ఉంటుంది, పండుగకు కొత్త బట్టలు కడతాం అన్నంతటితో అభ్యాసం ముందుకు సాగదు. ఎందుకు, ఎప్పటి నుంచి, ఏమి మారింది అన్న ప్రశ్నలు పడినప్పుడే భాష పెరుగుతుంది. అమ్మమ్మ కాలంలో ఇంట చేసిన సకినాలు ఇప్పుడు దుకాణంలో ఎందుకు కొంటున్నారు అన్న ప్రశ్న ఒక వంటకాన్ని స్త్రీల శ్రమ, పట్టణ జీవనం, మార్కెట్ల గురించిన చర్చగా మారుస్తుంది.

ఇంటి దగ్గర అభ్యాసం

తరగతి గది లేనివారికీ ఈ అభ్యాసం సాధ్యమే. ఒక అంశం ఎంచుకుని రెండు నిమిషాలు మాట్లాడి ఫోనులో రికార్డు చేయాలి. విన్న తరువాత ఆగిపోయిన చోట్లను, దొరకని మాటలను మాత్రమే రాసుకోవాలి. వాటిని నిఘంటువులో చూసి, మరునాడు అదే సంగతిని మళ్లీ చెప్పాలి. మూడవసారి దానిని తెలియనివారికి, వీలైతే వేరే రాష్ట్రపు స్నేహితునికి చెప్పాలి. అవతలివారు అడిగే ప్రశ్నలే తరువాతి పాఠం. మాట మధ్యలో ప్రతి తప్పునూ ఆపి సరిదిద్దడం కంటె, చెప్పడం పూర్తయ్యాక రెండు మూడు ముఖ్యమైన తప్పులు చూపడం అభ్యాసకుని ధైర్యాన్ని నిలుపుతుంది.

ఆంగ్లం నేర్చుకోవాలంటే ఇంటిని, ఊరిని, తిండిని గుమ్మం బయట విడిచిరావాలన్న భావన తరతరాలుగా చాలామంది పిల్లల నోరు కట్టివేసింది. తొలితరం చదువరులకు అది మరీ బరువు. తన అమ్మ చేసిన వంటను, తన ఊరి జాతరను పరాయి భాషలో చెప్పి ఒప్పించగలిగిన విద్యార్థికి ఆ భాష పట్ల భయం తగ్గుతుంది. వినేవారికి తెలియని సంగతి తన దగ్గర ఉన్నదన్న నమ్మకం అతనికి కలుగుతుంది. ఉద్యోగ ముఖాముఖిలో ‘మీ గురించి చెప్పండి’ అన్న మొదటి ప్రశ్న ఎదురైనప్పుడు పనికివచ్చేది ఆ నమ్మకమే.