సెగ కింద... రోగం పైన!

శివరాత్రి. మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి జాతరలో ఇసకేస్తే రాలనంత జనం. ఎడ్ల పందేలు చూసి, రాత్రి పొద్దుపోయాక కోదాడ వైపు తిరుగు ప్రయాణమయ్యాం. ముందు మా బావ బండి, వెనక నాది. ఊరి చివర బళ్లు, లారీలు కలిసి దారి మూసుకుపోయింది. ఇంజిన్లు ఆపకుండా పావుగంట అలాగే నిల్చున్నాం. అప్పుడు కనపడింది... బావ బండి ఇంజిన్ ముందు వంపు తిరిగి కిందికి దిగే గొట్టం చీకట్లో నిప్పుకణికలా ఎర్రగా మెరుస్తోంది! నేను కేకేసేలోపే వెనక కూర్చున్న ఏడేళ్ల మేనకోడలు కుడివైపు నుంచి కిందికి దిగింది. పిక్క మీద ఆ మచ్చ ఇప్పటికీ పోలేదు.

మర్నాడే బావ సైలెన్సర్ మార్పించాడు. పదిహేను రోజులు తిరక్కుండానే కొత్తది కూడా నీలిరంగుకి తిరిగింది. నాసిరకం సరుకు అంటగట్టారని షాపువాణ్ని తిట్టుకున్నాడు. మనలో చాలామంది చేసే పనే ఇది. సెగ ఎక్కడ తగిలితే రోగం అక్కడే ఉందనుకుంటాం.

చివరికి మేళ్లచెరువులోనే ఓ పాతకాలం మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన సైలెన్సర్ వంక కన్నెత్తి చూస్తే ఒట్టు! ముందు ప్లగ్గు విప్పి అరచేతిలో పెట్టుకుని చూశాడు. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, కార్బురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే రబ్బరు చుట్టూ సబ్బునీళ్లు చిలకరించాడు. ఇంజిన్ శబ్దం ఠక్కున మారింది. రబ్బరు పగిలింది. దొరికింది దొంగ!

పగిలిన రబ్బరుకీ ఎర్రబడ్డ గొట్టానికీ ఏమిటి సంబంధం? చాలా ఉంది. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో దాదాపు 14.7 పాళ్ల గాలి కావాలి. రబ్బరు పగులులోంచి దొంగగాలి దూరితే ఈ లెక్క తప్పుతుంది. పెట్రోలు పలచబడుతుంది. పలచబడితే చల్లగా మండుతుందనుకుంటాం గానీ, జరిగేది వేరు. మంట నెమ్మదిస్తుంది. సిలిండర్లో మండి పిస్టన్ని తోయాల్సిన నిప్పు, పొగ వాల్వు తెరుచుకునే సమయానికి ఇంకా మండుతూనే ఉంటుంది. అలాగే గడప దాటి గొట్టంలోకి వచ్చేస్తుంది. బండిని నడపాల్సిన వేడి సైలెన్సర్ని కాలుస్తుందన్నమాట.

ఆ వేడి ఎంతో రంగే చెబుతుంది. కొలిమి దగ్గర కమ్మరి ఇనుముని చూసే పద్ధతే ఇదీనూ. దాదాపు 230 డిగ్రీల దగ్గర లేత పసుపు, 300 దగ్గర నీలం. 500 దాటాక చీకట్లో మసక ఎరుపు. వంపు దగ్గర కొంచెం నీలం తిరగడం మామూలే. దానికి బెంగ అక్కర్లేదు. స్టాండు వేసి ఐడ్లింగులో పెట్టిన రెండు మూడు నిమిషాలకే ఎర్రబడితేనే అనుమానించాలి. గాలి తగలకుండా పావుగంట నిలబెడితే బాగున్న బండి కూడా మామూలు కన్నా వేడెక్కుతుంది. అయితే ఆ రాత్రి బావ బండిది ఆ వేడి మాత్రమే కాదు.

ఎందుకంటే రబ్బరుది సగం తప్పే. మిగతా సగం బావది! అంతకు నెల ముందు వేరే చోట సర్వీసింగ్‌కి ఇచ్చి 'మైలేజీ పెంచు' అని పట్టుబట్టి మరీ చెప్పాడట. వాళ్లు పెట్రోలు తగ్గించి పెట్టారు. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు కలిసొచ్చాయని ఇంట్లో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. కంపెనీ వేసిన జెట్ తీసి చిన్నది వేయించుకునేవాళ్లూ ఉన్నారు. ఆ మిగులంతా తర్వాత వాల్వుల దగ్గర కక్కాల్సిందే. అదేపనిగా అంత వేడి తగిలితే పొగ వాల్వు అంచు కాలిపోతుంది. హెడ్డు విప్పించాక వచ్చే బిల్లు ముందు ఆదా అయిన పెట్రోలు ఏపాటి?

అన్నట్టు, గాలీ పెట్రోలూ సరిగ్గా ఉన్నా ఇదే రోగం రావచ్చు. నిప్పురవ్వ ఆలస్యంగా పడితే మంట కూడా ఆలస్యంగానే మొదలై గొట్టం దాకా సాగుతుంది. ట్యాపెట్లు మరీ బిగుతైతే వాల్వు పూర్తిగా మూసుకోదు, సెగ సందులోంచి కారుతుంది. ట్యాపెట్ల చప్పుడు పూర్తిగా పోయేదాకా బిగించమని అడిగేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ సన్నటి టిక్‌టిక్ ఉండాల్సిందే. యాక్సిలేటర్ వదలగానే సైలెన్సర్లో టపటపమని పేలుతుంటే ఇంజిన్‌కి గొట్టం బిగించే చోట గ్యాస్కెట్ పోయిందేమో చూపించండి. అక్కడ బయటి గాలి దూరి, మిగిలిపోయిన పెట్రోలు గొట్టంలోనే అంటుకుంటుంది.

మేళ్లచెరువు చుట్టుపక్కల బళ్లకు ఇంకో తంటా ఉంది... దుమ్ము. సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు, రాత్రీ పగలూ తిరిగే లారీలు. ఎయిర్ ఫిల్టర్ త్వరగా పూడుకుపోతుంది. మార్చే ఓపిక లేక కొందరు దాన్ని పీకి పక్కన పడేస్తారు. దాంతో గాలి ఎక్కువై ఇంజిన్ కాగుతుంది, పైగా ఆ దుమ్మే లోపలికెళ్లి సిలిండర్ని గీకేస్తుంది. ఇంజిన్ చుట్టూ ఉండే రెక్కల మధ్య కూడా దుమ్ము చేరి, వానకి తడిసి గట్టిపడుతుంది. గాలి తగిలి చల్లబడాల్సిన ఇంజిన్‌కి మే నెల ఎండలో దుప్పటి కప్పినట్టే! చల్లారాక బ్రష్షుతో రుద్ది కడిగితే చాలు, పైసా ఖర్చుండదు.

యమహా ఆర్ఎక్స్ 100, రాజ్‌దూత్ రోజుల్లో ఈ రోగం వేరేగా ఉండేది. పెట్రోలుతో పాటు ఆయిలూ మండే బళ్లు కాబట్టి సైలెన్సర్ మసితో పూడుకుపోయేది. లోపలి గొట్టం బయటికి లాగి, మసి కాల్చి, గీకి మళ్లీ బిగించేవాళ్లు. ఇప్పటి బళ్లలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సైలెన్సర్ గొట్టంలోనే ఉంటోంది. ప్లగ్గు సరిగ్గా కొట్టకపోతే మండని పెట్రోలు అందులోకి చేరి అక్కడ మండుతుంది. వంద రూపాయల ప్లగ్గు మార్చకపోతే వేల రూపాయల కన్వర్టర్‌కి ముప్పన్నమాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లలో పెట్రోలు లెక్క కంప్యూటరే చూసుకుంటుంది కాబట్టి స్క్రూలు తిప్పే పని లేదు. మీటరు మీద ఇంజిన్ దీపం వెలిగితే స్కానర్ ఉన్న చోటికి వెళ్లడమే. పాత కార్బురేటర్ బళ్లవాళ్లే కాస్త జాగ్రత్తపడాలి. 2025 నాటికి బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మామూలైంది. ఇథనాల్లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, అదే జెట్‌తో వెళ్లినా మిశ్రమం ఇంకొంత పలచబడుతుంది. అసలే మైలేజీ కోసం తగ్గించి పెట్టుకున్న బండి సంగతి చెప్పేదేముంది!

ఎర్రబడిన గొట్టం మీద నీళ్లు పోసేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. వేడి లోహం ఒక్కసారిగా చల్లబడితే పగుళ్లు రావచ్చు. ఇంజిన్ ఆపి, ఎండుగడ్డి లేని చోట నీడన వదిలేయండి.

నీళ్లు పోయాల్సింది కాలిన పిక్క మీద. కుళాయి కింద కనీసం 20 నిమిషాలు పెట్టాలి. ఆ రాత్రి జాతర దుకాణంలో ఎవరో టూత్‌పేస్టు ఇస్తే మేం గబగబా పూసేశాం. తప్పు మాదే. మర్నాడు ఆసుపత్రిలో అదంతా కడిగి తీయడానికి పిల్ల పడ్డ బాధ అంతా ఇంతా కాదు. పేస్టు, ఇంకు, ఐసు... ఏవీ వద్దు. నీళ్లు, తర్వాత శుభ్రమైన బట్ట, ఆ తర్వాత డాక్టరు.

రబ్బరు మార్చి, పెట్రోలు మళ్లీ మామూలుకి పెట్టినందుకు మేళ్లచెరువు మెకానిక్ తీసుకున్నది కొత్త సైలెన్సర్ ధరలో పదో వంతు కూడా లేదు. మైలేజీ నాలుగు కిలోమీటర్లు తగ్గిందని బావ ఇప్పటికీ గొణుగుతుంటాడు. మేనకోడలు మాత్రం ఎవరి బండెక్కినా ఎడమవైపు నుంచే దిగుతుంది.