డిక్కీ తలుపు తీస్తే ఫ్యూజు పోతోందా?

నంబర్ ప్లేటు లైటు వెలగదు. ఫ్యూజు మారిస్తే వెలుగుతుంది. డిక్కీ తలుపు నాలుగుసార్లు తీసి వేశాక మళ్లీ పోతుంది. పాతబడిన హ్యాచ్‌బ్యాక్‌లు, ఎస్‌యూవీలలో ఇది తరచూ కనిపించే సమస్యే. విసుగొచ్చి కొందరు ఇంకా పెద్ద ఫ్యూజు వేసేస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

ఫ్యూజు ప్రధానంగా కాపాడేది వైరును. ఎర్ర ఫ్యూజు 10 ఆంపియర్లది, ఆకుపచ్చది 30 ఆంపియర్లది. 10 ఉండాల్సిన చోట 30 పెడితే ఫ్యూజు కాలకముందే వైరు వేడెక్కి, తొడుగు కరగొచ్చు. మంటలూ రావచ్చు.

కారులో బ్యాటరీ నెగెటివ్‌ను బాడీకే కలుపుతారు. అందుకే పాజిటివ్ వైరు ఎక్కడ బాడీకి తగిలినా షార్టే. డిక్కీ తలుపుకు వెళ్లే వైర్లు కీలు దగ్గరి రబ్బరు గొట్టంలోంచి వెళ్తాయి. తలుపు తెరిచిన ప్రతిసారీ అవి వంగుతాయి. ఏళ్లు గడిచేసరికి తొడుగు చిట్లి రాగి బయటపడుతుంది. అది బాడీకి తగిలితే ఫ్యూజు పోతుంది. వైరు తెగితే మాత్రం ఫ్యూజు బాగానే ఉంటుంది, లైటు వెలగదు.

షార్ట్ ఎక్కడుందో కనిపెట్టడానికి మెకానిక్‌లు వాడే తేలిక పద్ధతి ఒకటుంది. ఆ ఫ్యూజు మీద నడిచే లైట్లు, పరికరాల కనెక్టర్లు ముందు ఊడదీస్తారు. కాలిన ఫ్యూజు స్థానంలో 12 వోల్టులు, 21 వాట్ల బల్బును కలిపి స్విచ్ వేస్తారు. షార్ట్ ఉంటే బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది. దాని గుండా వెళ్లే కరెంటు 2 ఆంపియర్లు దాటదు కాబట్టి వైరుకు ముప్పుండదు. తర్వాత తలుపును మెల్లగా ఆడిస్తూ, రబ్బరు గొట్టాన్ని అటూ ఇటూ వంచి చూస్తారు. ఏ కదలికకు బల్బు ఆరి మళ్లీ వెలుగుతుందో లోపం అక్కడే ఉన్నట్టు.

మరమ్మతుకు ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయాలి. వంగే చోట టేపు చుట్టి వదిలేస్తే ఎక్కువ కాలం నిలవదు. దెబ్బతిన్న ముక్కను తీసేసి, సన్నని పోగులున్న మెత్తటి వైరు వేయాలి. అతుకులు వంగే చోటికి అవతల ఉండాలి. వాటిని సోల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ తొడగాలి. అదే గొట్టంలోని మిగతా వైర్లనూ చూడాలి, ఒకటి చిట్లితే పక్కదీ అదే దారిలో ఉండొచ్చు. చివరగా కంపెనీ సూచించిన సైజు ఫ్యూజే వేయాలి.

లైటో, ఖరీదైన కంట్రోల్ మాడ్యూలో మార్చాలని గ్యారేజీలో చెబితే, ఒప్పుకునే ముందు ఆ రబ్బరు గొట్టం విప్పి చూశారా అని అడగడం మంచిది.