కొండమీది విందు

విందంటే విస్తరినిండా రకాలుండాలని మనలో చాలామంది అనుకుంటాం కదూ! ఫ్రాన్సులో యూజెనీ బ్రాజియే అనే ఆవిడ పెట్టిన భోజనం సంగతి వినండి.

1895లో పల్లెటూళ్ళో పుట్టిన ఈమె, పదేళ్ళకే తల్లిని పోగొట్టుకుని పరాయి పొలాల్లో పనిచేస్తూ పెరిగింది. 1921లో లియోన్ నగరంలో చిన్న హోటలు తెరిచింది. తర్వాత ఊరికి పడమట, లుయేర్ కనుమ దగ్గర కొండమీద మరొకటి పెట్టింది. అక్కడ మొదట్లో కరెంటూ లేదు, గ్యాసూ లేదు. అయినా పట్నంవాళ్ళు భోజనానికి కొండెక్కి వచ్చేవారు.

వంటకాలు కొద్దే, అవీ దాదాపు రోజూ అవే. పేరుపడ్డది కోడి. లేత పెట్ట చర్మం కింద ట్రఫుల్ అనే నల్లని పుట్టగొడుగు బిళ్ళలు దూర్చి, కూరముక్కలు వేసిన నీళ్ళలో సన్నసెగన ఉడికించేవారు. చర్మం కింద ఉండటంవల్ల ఆ పరిమళం మాంసానికి పట్టేది. సెగ తగ్గించడంవల్ల మాంసం పీచుకట్టేది కాదు. మసాలాల మరుగు లేదు గనుక సరుకు మేలైనది కావలసిందే.

1933లో మిషెలిన్ గైడు ఆమె హోటళ్ళు రెండింటికీ మూడేసి నక్షత్రాలిచ్చింది. ఆ భోజనంకోసమే పనిగట్టుకుని ప్రయాణం చేయవచ్చునని దానర్థం. 1946లో అక్కడ పనికి చేరి, ఆవుల పాలు పితికి, బట్టలుతికి, వంట నేర్చిన పాల్ బోకూజ్ తరువాత ప్రపంచప్రఖ్యాతుడయ్యాడు.

ఈసారి చుట్టాలొస్తే పదిరకాలకు హైరానా పడకండి. నాలుగే చేయండి, నిదానంగా చేయండి. ఆ రుచినే వాళ్ళు పదికాలాలు తలుచుకుంటారు.