బొమ్మ దాటిన చదరంగం

చదరంగం బల్ల బొమ్మను అచ్చులో చూసి చూసి, ఆటంతా అందులోనే ఉందనుకోవడం మనకు అలవాటైపోయింది. నిజానికి ఉన్నది సగమే. 1497లో స్పెయిన్‌లోని సలమాంకాలో లుసేనా అచ్చు వేయించిన పుస్తకంలో 150 సమస్యలు బొమ్మలతో ఉన్నాయి. అచ్చు పద్ధతులు ఎన్ని మారినా ఆ బొమ్మ తీరు మాత్రం పెద్దగా మారలేదు. ఏ పావు ఏ గడిలో ఉందో అది చెబుతుంది. ఎత్తు ఎవరిదో చెప్పదు, ఆ సంగతి కింద మాటల్లో రాయాలి. రాజు తన గడిలోనే కనిపిస్తున్నా, ఇంతకుముందు ఒకసారి కదిలి తిరిగి వచ్చి ఉంటే క్యాస్లింగ్ హక్కు పోయినట్టే. బొమ్మకు ఆ చరిత్ర తెలియదు. ఎదుటి బంటు ఇప్పుడే రెండు గడులు దూకిందా, దాన్ని ఎన్‌పాసాంట్‌గా చంపే వీలుందా అన్నదీ తెలియదు. వర్డ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో చదరంగం పాఠం రాసేవారు బల్లను ఫొటోలా అతికించకుండా, ఎత్తులు వేసి చూడగల స్థితిగా పెట్టాలని నేననడానికి మొదటి కారణం ఇదే.

ఆ స్థితిని మాటల్లో పెట్టే ఉపాయం కంప్యూటర్ కంటే పాతది. 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ పాత్రికేయుడు డేవిడ్ ఫోర్సైత్ బల్లను ఒకే వరుస అక్షరాలుగా రాసే పద్ధతి కనిపెట్టాడు. పై వరుస నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి చదువుతూ పోవడం. పావుకు ఒక అక్షరం, ఖాళీ గడులు ఎన్ని ఉంటే అంత అంకె, వరుసకూ వరుసకూ మధ్య ఒక గీత. తెల్లపావులకు పెద్దక్షరం, నల్లపావులకు చిన్నక్షరం. 1990ల మొదట్లో స్టీవెన్ ఎడ్వర్డ్స్ దీనికి మరి కొన్ని అంశాలు చేర్చాడు: ఎత్తు ఎవరిది, క్యాస్లింగ్ హక్కులు ఎవరికి మిగిలాయి, ఎన్‌పాసాంట్ గడి ఏది, బంటు కదలకుండా, ఏదీ చావకుండా ఎన్ని ఎత్తులు గడిచాయి, ఇది ఎన్నో ఎత్తు. ఆరు భాగాల ఈ వరుసకే ఫెన్ అని పేరు. బొమ్మ దాచిన సగం ఇక్కడ బయటపడింది. పైగా అంతా కలిపి వంద అక్షరాలకు లోపే.

అయితే డీటీపీ కాలంలో ఈ వరుసను పక్కన పెట్టి అందరూ చదరంగం ఫాంట్ల వెంట పడ్డారు. మెరీడా లాంటి ఫాంట్ వేసుకుంటే కీబోర్డు మీద ఒక్కో మీట నొక్కగానే గడితో సహా ఒక్కో పావు పడుతుంది. అచ్చుకు అందంగానే ఉంటుంది. కానీ ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే రాజూ మంత్రీ పోయి అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు మిగులుతాయి. అను ఫాంట్లలో తెలుగు కంపోజ్ చేసినవారికి ఈ జబ్బు గురించి విడమరచి చెప్పక్కర్లేదు. మందు కూడా రెండింటికీ ఒక్కటే. యూనికోడ్ 1990ల మొదట్లో తెలుగు లిపికీ, చదరంగం పావులకూ శాశ్వత సంఖ్యలిచ్చింది. ఆ మందు అక్షరానికే పనిచేసింది. గుర్రం బొమ్మ ఎక్కడికి పంపినా గుర్రంలాగే కనిపిస్తుంది గానీ, అది ఎలా దూకుతుందో పత్రానికి ఇంకా తెలియదు.

తెలియాలంటే ఫెన్ వరుసకు ఆట నియమాలు తోడవాలి. 1987లో జర్మనీ నుంచి వచ్చిన చెస్‌బేస్ అనే ప్రోగ్రాం పనిచేసింది ఇలాగే: ఆటను బొమ్మల వరుసగా కాకుండా ఎత్తుల వరుసగా దాచి, అడిగినప్పుడు బల్లను గీసి చూపించింది. హాంబర్గ్ జట్టులోని ఎనిమిది మందితో ఒకేసారి ఆడి 1985లో ఓడిన కాస్పరోవ్, 1987లో చెస్‌బేస్ సాయంతో వాళ్ల పాత ఆటలను కంప్యూటర్‌లో తిరగేసి వచ్చి 7-1తో గెలిచాడు. వర్డ్ లాంటి పత్రంలో మాక్రో అనే చిన్న ప్రోగ్రాంతోనో, బయటి ప్రోగ్రాంను పొదిగో ఇదే పని చేయించవచ్చు. దీనివల్ల రాసేవారికి కలిగే లాభం చదివేవారి లాభం కంటే పెద్దదని నా అభిప్రాయం. అచ్చుబొమ్మలో బంటు ఒక గడి పక్కకు జరిగితే ఎవరూ పట్టుకోలేరు. పాఠకుడు గంటసేపు తల పట్టుకుని తనకే అర్థం కాలేదనుకుంటాడు. స్థితి బతికి ఉంటే, రాసిన ఎత్తు నియమానికి కుదరనప్పుడు అక్కడికక్కడే ఆగిపోతుంది. నియమానికి కుదిరే తప్పును అది పట్టలేదు, నిజమే. ఆ మేరకు కన్ను కావాలి.

శిక్షకులు చెప్పే అభ్యంతరం ఇంతకంటే బలమైనది: తెర మీద పావులు వాటంతటవే కదిలితే పిల్లలు మనసులో లెక్క కట్టడం మానేస్తారని. 1973లో మనస్తత్వవేత్తలు చేజ్, సైమన్ చేసిన ప్రయోగాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అసలు ఆటల్లోని స్థితిని అయిదు సెకన్లు చూపిస్తే మేటి ఆటగాడు చాలా పావులను తిరిగి పేర్చగలిగాడు. పావులను అడ్డదిడ్డంగా చల్లితే ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. అంటే ఆటగాడికి పనికొచ్చేది ఎన్నో నిజమైన అమరికలతో పరిచయం. ఆ పరిచయాన్ని కదిలే బల్ల త్వరగా పెంచుతుంది. లెక్క కట్టడం వేరే విద్య, ఆ విషయంలో శిక్షకుల భయం సబబే. అందుకు మార్గం బల్లను చంపడం కాదు. ముందు జవాబు రాయించి, తర్వాతే ఎత్తులు విప్పాలి. తాళం పాఠం రాసినవారి చేతిలోనే ఉంటుంది.

ఫోన్లో ఇన్ని యాప్‌లుండగా పత్రం ఎందుకన్నది మరో ప్రశ్న. యాప్ మంచి ఎత్తును చూపిస్తుంది. ఎందుకు మంచిదో పిల్లవాడి భాషలో, పేజీ నిడివిలో, ఓపికగా చెప్పే చోటు పత్రమే. కృష్ణా నదికి ఈ గట్టు జిల్లా గుంటూరు గ్రాండ్‌మాస్టర్లు హరికృష్ణనూ హారికనూ ఇచ్చింది, ఆ గట్టున గుడివాడ హంపిని ఇచ్చింది. హంపికి తండ్రి అశోక్ గురువు, హరికృష్ణకు తొలి పాఠాలు చెప్పింది తాతగారు. ఇంట్లో అలాంటివారు లేని, పెనుమూడి లాంటి ఊళ్లోని పిల్లకు వాళ్ల స్థానంలో కావలసింది తెలుగులో రాసిన పాఠమే. ఇక మిగిలింది మాక్రోల చిక్కు. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ముందుగానే అడ్డుకుంటోంది, అడ్డుకోవడం మంచిదే. కాగితం మీద ప్రింట్ తీస్తే కదలిక ఎలాగూ పోతుంది. ఈ రెంటినీ తట్టుకుని నిలిచేది ఫెన్ వరుసే: ఫైల్‌లో ఉంటే కాపీ చేసుకోవచ్చు, కాగితం మీద ఉంటే ఏ ఉచిత చదరంగం ప్రోగ్రాంలోనైనా కొట్టి బల్ల పరచుకోవచ్చు. తెనాలిలో, రేపల్లెలో పిల్లలకు చదరంగం పాఠాలు కంపోజ్ చేసే శిక్షకులను కోరేది ఒక్కటే. ఇకనుంచి ప్రతి బొమ్మ కిందా దాని ఫెన్ వరుస వేయండి.