అమ్మమ్మ మోకాలు, మేక కాళ్ల సూప్

మా అమ్మమ్మది చేవెళ్ల దగ్గర ఊరు. నాకు ఇంజనీరింగ్ సీటు రావాలని చిలుకూరు బాలాజీ గుళ్లో 11 ప్రదక్షిణలు చేసింది. సీటొచ్చింది, అదీ మొయినాబాద్‌లోనే. కోరిక తీరితే 108 తిరగాలి కదా! "నీ సీటు బాకీ ఇంకా తీరలే బిడ్డా" అంటది. ఏళ్ల తరబడి వంగి, కూసొని బంతిపూలు తెంపిన మోకాళ్లు ఇప్పుడు మెట్టెక్కాలంటేనే మొరాయిస్తున్నాయి.

డాక్టరు "గుజ్జు అరిగింది" అన్నాడు. ఇంట్లో వెంటనే మేక కాళ్ల సూప్ మొదలైంది. మామయ్య కొలాజెన్ పొడి డబ్బా కూడా తెచ్చాడు. నేను మెకానికల్, బయాలజీని టెన్త్‌తోనే వదిలేసినవాణ్ని. అయినా ఆ గుజ్జేంటో చూద్దామని పుస్తకం తెరిచాను.

శరీరమంటే కణాలే అనుకుంటాం. ఎముక, మృదులాస్థి, స్నాయువులాంటి సంయోజక కణజాలాల్లో కథ వేరు. అక్కడ కణాలు మేస్త్రీలు. బరువు మోసేది మేస్త్రీలు కాదు, వాళ్లు తమ చుట్టూ కట్టిన గోడ. ఆ గోడ పేరే కణబాహ్య మాతృక. మోకాలి మృదులాస్థిలో కణాల వాటా కొద్ది శాతమే, మిగతాదంతా మాతృకే.

సివిల్ వాళ్లకు ఇది తొందరగా అర్థమవుతుంది. కొలాజెన్ పోగులు స్టీలు చువ్వల్లా లాగుడును తట్టుకుంటాయి. కానీ వాటి మధ్య నింపింది కాంక్రీటు కాదు, నీళ్లు! మృదులాస్థి బరువులో 65 నుంచి 80 శాతం నీరే. అగ్రెకాన్ అనే పెద్ద అణువుల మీదున్న రుణావేశాలు ఆ నీటిని పట్టి ఉంచుతాయి. అగ్రెకాన్ ఉబ్బాలని చూస్తుంది, కొలాజెన్ వల ఉబ్బనివ్వదు. ఆ పెనుగులాటే మన కుషన్. అడుగేస్తే నీరు మెల్లగా బయటికొస్తుంది, కాలెత్తితే మళ్లీ లోపలికి పోతుంది. వల తెగితే అగ్రెకాన్ జారిపోతుంది, కుషన్ పోతుంది. అరగడమంటే ఇదే.

ఆ కొలాజెన్ మూడు పేటల తాడని 1954లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా చెప్పారు. వాళ్లు ఎక్స్-రేలతో చూసింది కంగారూ తోక స్నాయువునట! ప్రతి పేటలో ప్రతి మూడో అమైనో ఆమ్లం గ్లైసినే. తాడు నడిమధ్యలో అంతకన్నా పెద్దదానికి చోటుండదు. అలాంటి ఒక్క గ్లైసిన్ మారినా ఎముకలు పెళుసుబారే జబ్బు రావచ్చు. ఈ పేటలు గట్టిగా నిలవాలంటే విటమిన్ సి కావాలి. అది లేకే పాతకాలం నావికులకు స్కర్వీ వచ్చి చిగుళ్లు కారేవి.

ఇక సూప్ సంగతి. ఫ్రిజ్‌లో పెడితే జెల్లీలా గడ్డకడుతుంది చూడండి, అది మేక కొలాజెనే, ఉడికి పేటలు విడిపోయి జెలటిన్ అయింది. కానీ తాగిన జెలటిన్ తిన్నగా మోకాలికి పోదు. పేగుల్లో అమైనో ఆమ్లాలుగా, చిన్న ముక్కలుగా విడిపోయి ఒళ్లంతా పంచుకుంటుంది. పైగా మృదులాస్థిలో రక్తనాళాలే లేవు. అక్కడి కొలాజెన్‌లో సగం మారడానికి వందేళ్లకు పైగా పడుతుందని లెక్కగట్టారు. అంటే అమ్మమ్మ మోకాల్లో ఉన్నది చాలామటుకు ఆమె పడుచుతనంలో కట్టిందే.

నన్ను ఆపేసింది మాత్రం ఇంకోటి. రక్తనాళాలు లేని ఆ మేస్త్రీలకు తిండి కీలులోని ద్రవం నుంచే అందాలి. కీలు కదిలితేనే ఆ ద్రవం బాగా ఆడుతుంది. అంటే "నువ్వు లేవకు, కూసో" అని మేమంతా ప్రేమగా చేస్తున్నది తప్పు. డాక్టర్ని మళ్లీ అడిగితే ఆయనా అదే అన్నాడు: తొడ కండరాలకు వ్యాయామం, ఓర్చుకున్నంత నడక, కింద కూసోవద్దు.

మొన్న మంగళవారం పొద్దున్నే, రద్దీ లేనప్పుడు, గుడికి తీసుకెళ్లాను. తొమ్మిది ప్రదక్షిణలు చేసి అరుగు మీద కూలబడింది. టిక్కులు పెట్టుకునే కార్డు నా పర్సులో ఉంది, ఇంకా 99 గళ్లు ఖాళీ. దారిలో సూప్ గురించి నేను చదివిందంతా చెప్పాను. మొత్తం విని, "మోకాలికి పోకుంటే పాయె, రుచైతే ఉన్నది గదరా" అన్నది.