ఒక్క అక్షరం తేడా

వంటింట్లో ఉప్పు డబ్బా ఉంటుంది. ఉప్పుకు సైన్సులో ఇంకో పేరు ఉంది. ఆ పేరు సోడియం క్లోరైడ్.

బట్టలకు రంగులద్దే చోట ఇంకో తెల్లని పొడి కనబడుతుంది. బట్టను తెల్లగా చేయడానికి వాడతారు. దాని పేరు సోడియం క్లోరైట్.

రెండు పేర్లూ పైకి చదవండి. క్లోరైడ్. క్లోరైట్. ఒకదాని చివర 'డ్', ఇంకోదాని చివర 'ట్'. తేడా ఒక్క అక్షరమే. కానీ మొదటిది కూరలో వేసేది. రెండోది నోట్లో పడితే ప్రాణానికే ముప్పు.

ఎందుకింత తేడా? ఉప్పులో సోడియం, క్లోరిన్ రెండే ఉంటాయి. క్లోరైట్‌లో వాటితోపాటు ఆక్సిజన్ కూడా ఉంటుంది. ఆక్సిజన్ అంటే గాలిలో ఉండే ప్రాణవాయువే. మరి విషం ఎట్లా అయింది? పసుపు పచ్చన, సున్నం తెల్లన. రెండూ కలిపితే ఎర్రని పారాణి అవుతుంది కదా! కలిస్తే గుణం మారిపోతుంది.

దేనిలో ఏది ఎంత ఉందో చెప్పే గుర్తును ఫార్ములా అంటారు. సోడియం గుర్తు 'ఎన్.ఏ.'. క్లోరిన్ గుర్తు 'సి.ఎల్.'. ఆక్సిజన్ గుర్తు 'ఓ'. ఓ పక్కన కిందుగా చిన్న అంకె వేస్తారు. ఆక్సిజన్ ఎన్ని ఉన్నాయో ఆ అంకె చెబుతుంది. ఒకటే ఉంటే అంకె వేయరు.

ఎన్.ఏ.సి.ఎల్. – సోడియం క్లోరైడ్. ఇది ఉప్పు.
ఎన్.ఏ.సి.ఎల్.ఓ. – సోడియం హైపోక్లోరైట్. ఆక్సిజన్ 1.
ఎన్.ఏ.సి.ఎల్.ఓ₂ – సోడియం క్లోరైట్. ఆక్సిజన్ 2.
ఎన్.ఏ.సి.ఎల్.ఓ₃ – సోడియం క్లోరేట్. ఆక్సిజన్ 3.

సోడియం బదులు పొటాషియం ఉంటే ముందు పేరు మారుతుంది. పొటాషియం క్లోరైట్ అంటారు. వెనక పేరు మారదు.

ఖాళీ డబ్బా చవగ్గా వస్తే నీళ్లకు పనికొస్తుందని తెచ్చుకుంటారు. తెచ్చే ముందు డబ్బా మీద పేరు చదవాలి. క్లోరైట్ అని ఉంటే ఇంటికి తేవద్దు. ఎంత కడిగినా తాగే నీళ్లు, తిండిగింజలు అందులో పోయొద్దు. పేరు చెరిగిపోయిన డబ్బా కూడా వద్దు. క్లోరైట్‌లో యాసిడ్ పడితే విషవాయువు లేస్తుంది.

పేరు ఇంగ్లీషులో ఉంటే? ఇంగ్లీషు 'ఓ' సున్నాలాగా గుండ్రంగా ఉంటుంది. ఫార్ములాలో ఆ సున్నా కనబడితే అది ఉప్పు కాదు. మిగతాది తెలిసినవాళ్లను అడగాలి. అడగడం నామోషీ కాదు. అడగకుండా వాడడమే ప్రమాదం.

చదవండి, రాయండి:
1. ఉప్పుకు సైన్సులో పేరేమిటి?
2. సోడియం క్లోరైట్‌లో ఆక్సిజన్ ఎన్ని?
3. క్లోరైడ్, క్లోరైట్, క్లోరేట్ – మూడేసి సార్లు రాయండి.