కంచె కనిపించని చిత్రం: చరిత్రకు ఆకరంగా కుటుంబ చలనచిత్రం

కుటుంబాలు తమకోసం తీసుకున్న చలనచిత్రాలలో పండుగలు, పుట్టినరోజులు, విహారాలే ఎక్కువ. దుఃఖం ఎదురైన రోజున కెమెరా సాధారణంగా బీరువాలోనే ఉండిపోతుంది. కాబట్టి వాటిని ఆకరాలుగా స్వీకరించే పరిశోధకుడు కనిపించేదానితో పాటు కనిపించనిదానిని కూడా చదవవలసి ఉంటుంది. డేవ్ తత్సునో తీసిన 'టోపాజ్' ఇందుకు తగిన నిదర్శనం.

అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1942 ఫిబ్రవరి 19న జారీచేసిన 9066వ కార్యనిర్వాహక ఉత్తర్వు ఫలితంగా పశ్చిమ తీరంలోని సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారు నిర్బంధ శిబిరాల పాలయ్యారు. వారిలో అధికులు అమెరికా పౌరులే. వారి వద్ద కెమెరా ఉండటం నిషిద్ధం. శాన్‌ఫ్రాన్సిస్కో వర్తక కుటుంబానికి చెందిన తత్సునో యూటా ఎడారిలోని టోపాజ్ శిబిరంలో సహకార దుకాణంలో పనిచేసేవారు. దుకాణ పర్యవేక్షకుడు వాల్టర్ హాండెరిక్ సాయంతో ఆయన తన 8 మి.మీ. కెమెరాను రహస్యంగా తెప్పించుకొన్నారు.

ఆ రంగుల రీళ్లలో మంచు ఉంది, ధూళి ఉంది, జిగురు బియ్యాన్ని ఉడికించి రోట్లో దంచి మోచి చేసే సందడి ఉంది. మనుషులు నవ్వుతుంటారు. కెమెరా పట్టుకొన్నవాడు తమవాడే కదా! పట్టుబడతానన్న భయంతో తత్సునో కంచె వైపు, కావలి బురుజుల వైపు కెమెరా తిప్పడానికి జంకారు. అదే శిబిరంలో 1943 ఏప్రిల్ 11న కంచె సమీపంలో ఉన్న 63 ఏళ్ల జేమ్స్ వకాసాను కావలి సైనికుడు కాల్చి చంపాడు. ఈ చిత్రంలో ఆ మరణం లేదు.

సందర్భం తెలియని ప్రేక్షకుడు దీనిని చూసి శిబిర జీవితం సుఖంగానే సాగిందని భావించే ప్రమాదం ఉంది. ఆ నవ్వుల వెనుక ఉన్న భయాన్ని, ఒంటరితనాన్ని కెమెరా పట్టుకోలేదని తత్సునో తానే చెప్పవలసి వచ్చింది. 1996లో ఈ చిత్రం అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేరింది. కెనెడీ హత్యను నమోదుచేసిన జప్రూడర్ రీలు తర్వాత ఆ గౌరవం పొందిన కుటుంబ చిత్రమిదే.

అసిటేట్ ఫిల్ము పాడవుతున్నప్పుడు వెనిగర్ వాసన వస్తుంది; చల్లని, పొడి గదిలో ఉంచితే ఆ క్షయం నెమ్మదిస్తుంది. చిత్రంలోని మనుషులెవరో చెప్పగలిగిన జ్ఞాపకం నశించేటప్పుడు అటువంటి హెచ్చరిక ఏదీ ఉండదు. తెలుగు ఇళ్లలోని పాత పెళ్లి వీడియో క్యాసెట్లను డిజిటల్ రూపంలోకి మార్చడం నేడు కష్టమేమీ కాదు. భోజనాల బంతిలో కూర్చున్నవారి పేర్లు, వరుసలు పెద్దలచేత చెప్పించి ఆ దృశ్యంతో పాటే నమోదు చేయడం మాత్రం ఆ పెద్దలు జీవించి ఉన్నంతకాలమే సాధ్యం.